తంపరలో కాలు పెట్టనివాళ్ళు రాసే నివేదికలు

మా రోజుల్లో ఒక చోటు గురించి కాగితం మీద పెట్టాలంటే ముందు ఆ చోట్లోకి దిగాలి. వర్షాకాలంలో దిగాలి, మంచులో దిగాలి, ఎండల్లోనూ దిగాలి. శ్రీకాకుళం జిల్లా కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పుకుంటూ బతికినవాణ్ణి. నాకు చదువు చెప్పినవాళ్ళు అలాగే చేశారు, నా పిల్లలకి నేనూ అదే నేర్పాను. ఇప్పుడు చూస్తే వేల మెగావాట్ల బొగ్గు కరెంటు ఫ్యాక్టరీ వస్తుందంటారు, దాని వల్ల నీటికీ గాలికీ చేపకీ పిట్టకీ మనిషికీ ఏమవుతుందో చెప్పే ఈఐఏ (పర్యావరణ ప్రభావ అంచనా) రిపోర్టు వందల పేజీల్లో వస్తుంది, అందులో మా తంపర, అంటే వానాకాలం నీరు నిలిచే నేల, గురించి ఉన్న పేజీలు చదివితే రాసినవాడు తంపర గట్టు మీదైనా నిలబడ్డాడా అని అనుమానం వస్తుంది.

ఇంతకీ ఆ రిపోర్టు రాసేది ఎవరు? పొల్యూషన్ బోర్డు కాదు, యూనివర్సిటీ కాదు, అటవీ శాఖ కాదు. ఫ్యాక్టరీ పెట్టే కంపెనీ డబ్బిచ్చి పెట్టుకున్న కన్సల్టెంటు. హైదరాబాదు నుంచో చెన్నై నుంచో ఢిల్లీ నుంచో వస్తాడు. ఫ్యాక్టరీ మంచిదా చెడ్డదా అని తేల్చవలసిన పరీక్షకి ఆధారమంతా ఆ రిపోర్టే. దాన్ని రాసేవాడికి ఫీజు కట్టేది ఫ్యాక్టరీవాడే. నాకు ఎన్నేళ్ళయినా మింగుడుపడని సంగతి ఇది.

మా కాలంలో ఏముండేదో చెబుతాను. జిల్లా కలెక్టరుగారి దగ్గర్నుంచో, చేపల శాఖ దగ్గర్నుంచో కాలేజీకి ఉత్తరం వచ్చేది. ఫలానా చెరువులో, ఫలానా దిబ్బ మీద ఏమేమి పెరుగుతాయో జాబితా కావాలి అని. మేము పిల్లల్ని తీసుకుని బస్సెక్కేవాళ్ళం. ప్రిన్సిపాలుగారు బస్సు చార్జీలు ఇచ్చేవారు, అంతకు మించి ఎవరూ ఏమీ ఇచ్చేవారు కాదు. మొక్కను వేరుతో సహా తీసి, పాత న్యూస్ పేపర్ల మధ్య పెట్టి నొక్కి, తేదీ వేసి, ఊరి పేరు రాసి, ఎక్కడ దొరికిందో గుర్తు రాసి హెర్బేరియం షీటు మీద అంటించేవాళ్ళం. ఆ షీటు బీరువాలో ఉండేది. మేము రాసింది తప్పని ఎవరికైనా అనిపిస్తే బీరువా తెరిచి చూసుకోవచ్చు. ఇప్పటి రిపోర్టుల్లో మొక్కల పట్టిక ఉంటుంది గానీ ఆ మొక్కను ఏ రోజు ఏ గట్టు మీద చూశారో ఉండదు. సరిచూసుకోవడానికి బీరువా లేదు, షీటూ లేదు.

చేపల గురించి మాకు తెలిసేది కాదు. ఊళ్ళో వల వేసేవాళ్ళని అడిగేవాళ్ళం. కొర్రమీను ఏ నెలలో గుడ్లు పెడుతుందో, మట్టగిడస ఎండిన బురదలో ఎంత లోతున దాక్కుంటుందో, ఏ గాలికి సముద్రం నీరు పాయలోకి ఎక్కుతుందో వాళ్ళే చెప్పేవాళ్ళు. వాళ్ళు చెప్పింది రాసుకుని, మళ్ళీ ఇంకో కాలంలో వెళ్ళి అది నిజమా అని చూసుకునేవాళ్ళం. పొరపాటు రాస్తే వచ్చే ఏడు అదే ఊరికి మళ్ళీ మొహం చూపించాలి. ఆ ఊరి పిల్లలే మా క్లాసులో కూర్చునేవాళ్ళు. అంతకంటే గట్టి తనిఖీ నాకు తెలీదు.

అప్పుడంతా బాగుండేదని అనను. శ్రీశైలం డ్యాము కట్టాలని నిర్ణయించినప్పుడు మునిగే ఊళ్ళవాళ్ళని ఎవరూ అడగలేదు, పర్యావరణం అన్న మాట ఫైల్లో లేదు. కొత్తగూడెం బొగ్గు కరెంటు వచ్చినప్పుడూ లేదు. అడగడమే లేని కాలం అది, దాన్ని నేను సమర్థించను. కానీ అడగడం మొదలైనప్పుడు, అంటే 1970ల చివర్లో ప్రణాళికా సంఘం డ్యాముల ప్రాజెక్టులను పర్యావరణం కోణంలో చూడమని ఢిల్లీలోని సైన్స్ అండ్ టెక్నాలజీ శాఖకు అప్పగించినప్పుడు, చూసినవాళ్ళు కట్టేవాళ్ళ దగ్గర జీతం తీసుకున్నవాళ్ళు కారు.

ఆ రోజుల్లోనే కేరళలో సైలెంట్ వ్యాలీ గొడవ వచ్చింది. మా తరం వృక్షశాస్త్రం మాస్టర్లందరం దాన్ని రోజూ పేపర్లో వెతుక్కుని చదివేవాళ్ళం. పాలక్కాడు జిల్లాలో కుంతిపుళ నది మీద ఆనకట్ట కట్టి 120 మెగావాట్లు, తర్వాత 240 మెగావాట్లు తీద్దామని కేరళ విద్యుత్ బోర్డు అనుకుంది. 1973లో ప్రణాళికా సంఘం ఒప్పుకుంది కూడా. ఆ అడవి పశ్చిమ కనుమల్లో మిగిలిన పాత వర్షారణ్యం, సింహపుతోక కోతులు బతికే చోటు. 1979లో కేరళ శాస్త్ర సాహిత్య పరిషత్తు ఒక చిన్న పుస్తకం వేసింది. ఎవరు రాశారు? ఎం.కె. ప్రసాద్ అనే వృక్షశాస్త్రం ప్రొఫెసరు, ఎం.పి. పరమేశ్వరన్ అనే అణు ఇంజనీరు, వాళ్ళతో ఒక విద్యుత్ ఇంజనీరు, ఒక వ్యవసాయ శాస్త్రజ్ఞుడు, ఒక ఆర్థికవేత్త. ప్రాజెక్టు కట్టకపోతే మలబారుకి కరెంటు ఎలా ఇవ్వవచ్చో లెక్క కట్టి చూపించారు, కడితే పోయేది ఏమిటో చూపించారు. వాళ్ళూ బయటివాళ్ళే. కానీ విద్యుత్ బోర్డు పెట్టుకున్న బయటివాళ్ళు కారు.

ఆ తర్వాత ఎం.జి.కె. మీనన్ అధ్యక్షతన కేంద్రం, రాష్ట్రం కలిపి ఒక కమిటీ వేశారు. మాధవ్ గాడ్గిల్ వంటి క్షేత్రంలో నడిచిన మనుషులు అందులో ఉన్నారు. 1983లో నివేదిక వచ్చింది, ప్రాజెక్టు ఆగిపోయింది, 1984లో ఆ అడవి నేషనల్ పార్కు అయింది. ఆ గొడవలో రెండు పక్షాలూ ఎవరి లెక్కలు వాళ్ళు పేరు పెట్టి వేశాయి, జనం ముందు వాదించుకున్నాయి. అడవిని చూడకుండా అడవి మీద అభిప్రాయం చెప్పిన మనిషిని అప్పుడు ఎవరూ పట్టించుకోలేదు. బయటివాళ్ళని పిలవడం తప్పని నేను ఎప్పుడూ అనలేదు. ఎవరి డబ్బుతో, ఎవరి పిలుపు మీద వచ్చారన్నదే నా బాధ.

1994 జనవరిలో కేంద్రం మొదటి ఈఐఏ నోటిఫికేషన్ ఇచ్చింది. 1997లో ప్రజాభిప్రాయ సేకరణ చేర్చారు. 2006 సెప్టెంబరులో మొత్తం మార్చి కొత్తది తెచ్చారు. 500 మెగావాట్లు, అంతకు మించిన బొగ్గు కరెంటు కేంద్రమైతే ఢిల్లీలోని నిపుణుల కమిటీ చూడాలి. అంతవరకూ బాగానే ఉంది, మేమూ సంతోషించాం. అన్నిటికీ అడుగున ఉండే రిపోర్టును తయారు చేయించుకునే పని మాత్రం ప్రాజెక్టు పెట్టేవాడి చేతిలోనే ఉంచారు. ఢిల్లీలో కమిటీలో కూర్చున్న పెద్దమనుషులు ఒక పూట సమావేశంలో చాలా ప్రాజెక్టుల ఫైళ్ళు చూస్తారు. వాళ్ళు మా బీలని, అంటే తంపర లాంటి నీటి నేలని, చూడరు, మా బీల గురించి కన్సల్టెంటు రాసిందే చూస్తారు.

నా దగ్గర చదువుకున్న ఒక కుర్రాడు అలాంటి కంపెనీ ఒకదానిలో పని చేసేవాడు. సంక్రాంతికి ఊరొచ్చినప్పుడు నన్ను చూడడానికి వచ్చాడు. ‘ఒరే నాయనా, నీకు మొక్కలు గుర్తుపట్టడం నేర్పింది నేనే కదా, ఇలా ఎలా రాయనిచ్చావురా’ అని అడిగాను. వాడు తల దించుకుని చెప్పాడు. ‘మాస్టారూ, మాకు డబ్బు వాయిదాల్లో వస్తుంది. రిపోర్టు ఇచ్చినప్పుడు కొంత, పబ్లిక్ హియరింగ్ అయ్యాక కొంత. పెద్ద వాయిదా మాత్రం క్లియరెన్స్ వచ్చాకే. ఇక్కడ ఫ్యాక్టరీ పెట్టకూడదు అని రాస్తే ఆ వాయిదా రాదు, మళ్ళీ ఇంకో కంపెనీ మమ్మల్ని పిలవదు.’ వాడి తప్పు ఎంత? వాడికి ఇల్లు గడవాలి. ఇద్దరు చెల్లెళ్ళ పెళ్ళిళ్ళు చేసిన కుర్రాడు. వాణ్ణి తిట్టి లాభం లేదు. వాణ్ణి ఆ స్థితిలో నిలబెట్టిన ఏర్పాటునే తిట్టాలి.

యూనివర్సిటీలో ప్రాక్టికల్ పరీక్షలకి ఎక్స్‌టర్నల్ ఎగ్జామినరుగా చాలా కాలేజీలకి వెళ్ళాను. నన్ను ఏ కాలేజీకి పంపాలో యూనివర్సిటీ నిర్ణయించేది, నా భత్యం యూనివర్సిటీ ఇచ్చేది, పరీక్ష రాసే పిల్లవాడు నాకు టీ కూడా ఇప్పించకూడదు. ఇరవై మార్కుల ప్రాక్టికల్‌కి అంత కట్టుదిట్టం. వేల ఎకరాల నీటి నేల మీద, కొన్ని వేల కుటుంబాల బతుకు మీద మార్కులు వేసేవాణ్ణి మాత్రం పరీక్ష రాసేవాడే ఎంచుకుని, వాడే ఫీజు ఇచ్చుకోవచ్చు.

ఇక ఋతువుల సంగతి. రాయకుండా ఉండలేని సంగతి ఇది. బేస్‌లైన్ అంటారు, అంటే ఫ్యాక్టరీ రాకముందు ఆ చోట గాలి, నీరు, జీవాలు ఎలా ఉన్నాయో రాసిపెట్టుకోవడం. సాధారణంగా చుట్టూ పది కిలోమీటర్ల మేర, వర్షాకాలం కాని ఒక్క కాలంలో కొలిస్తే చాలు. మూడు నెలలు. చాలా రిపోర్టుల్లో ఆ మూడు నెలలు మార్చి నుంచి మే వరకు ఉంటాయి. మా జిల్లా తెలిసినవాడెవడైనా ఈ మాట వింటే గుండె మీద చెయ్యి వేసుకుంటాడు. మే నెలలో తంపరకి వెళితే పగుళ్ళు బారిన నేల, అక్కడక్కడా గడ్డి, మేస్తున్న గేదెలు కనిపిస్తాయి. ఫోటో తీస్తే ఎవరైనా బీడు భూమి అనుకుంటారు. అదే నేల మీదికి ఆశ్వయుజంలో వెళ్ళండి. నడుము లోతు నీళ్ళు, తుంగ, జమ్ము, కలువలు, తూటికూర, గట్టు పొడుగునా వలలు. పైనున్న ఊళ్ళ వాననీరంతా వచ్చి అక్కడ ఆగుతుంది. వరదని ఆపేది అదే, ఎండాకాలంలో చుట్టుపక్కల బావుల్లో నీరు నిలిపేదీ అదే. చుట్టూ ఉన్న వరి మడులకి తడి అక్కడి నుంచే.

టెక్కలి దగ్గర తేలినీలాపురం ఉంది. గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు సెప్టెంబరు తర్వాత వస్తాయి, ఊరి చెట్ల మీదే గూళ్ళు కడతాయి, పిల్లల్ని పెంచి ఎండలు ముదిరేలోపు వెళ్ళిపోతాయి. ఊరివాళ్ళు వాటిని కాపాడుకుంటూ వస్తున్నారు, కొమ్మ మీద రాయి వేస్తే పిల్లల్ని కూడా ఊరుకోరు. ఆ పిట్టలకి తిండి నౌపడ తంపరల్లో, ఉప్పు కయ్యల్లో, సముద్రపు పాయల్లో దొరుకుతుంది. ఏప్రిల్లో వచ్చిన మనిషికి చెట్ల మీద ఖాళీ గూళ్ళు కనిపిస్తాయి. వాడి పట్టికలో కాకి, మైనా, పిచుక ఉంటాయి. తుపానులు కూడా అంతే. మాకు గండం అక్టోబరు, నవంబరుల్లో. 2018 అక్టోబరులో తిత్లీ వచ్చి ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటల్ని నేలమట్టం చేసింది. ఎండాకాలం మూడు నెలల గాలి కొలిచి బూడిద ఎటు పోతుందో లెక్క కట్టినవాడికి ఆ గాలి ఎలా తెలుస్తుంది? బూడిద చెరువు కట్ట ఆ వానకి నిలుస్తుందో లేదో ఎలా తెలుస్తుంది?

ఈ లోపం కాగితం మీద ఆగలేదు, మనుషుల ప్రాణాల దాకా వచ్చింది. సోంపేట బీలలో 2,640 మెగావాట్ల బొగ్గు కరెంటు కేంద్రానికి 2009లో కేంద్రం అనుమతి ఇచ్చింది. పెద్ద బీల, చిన్న బీల అని మేము పిలిచే ఆ నీటి నేల కాగితాల మీద పనికిరాని భూమిగా ఢిల్లీ చేరింది. ఊళ్ళవాళ్ళు మొదటి నుంచీ అది బీల అని మొత్తుకున్నారు. రైతులు, మత్స్యకారులు ఒక్కటై నిలబడ్డారు. 2010 జులై 14న పోలీసు కాల్పులు జరిగాయి, ప్రాణాలు పోయాయి. అదే రోజు ఢిల్లీలో జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ఆ అనుమతిని రద్దు చేసింది. ఇది మళ్ళీ చదవండి. ప్రాణాలు పోయిన రోజునే ఆ అనుమతి చెల్లదని తేలింది. బీల బీలేనని మొదటి రిపోర్టులోనే నిజాయితీగా రాసి ఉంటే ఆ పోలీసులు అక్కడికి వచ్చే పనే లేదు. ఏడాది తిరగకుండానే, 2011 ఫిబ్రవరి 28న కాకరాపల్లి తంపర దగ్గర మళ్ళీ కాల్పులు, మళ్ళీ చావులు. అదీ బొగ్గు కరెంటు కోసమే, అదీ నీటి నేల మీదే.

కేంద్ర విద్యుత్ శాఖకే కార్యదర్శిగా పనిచేసి రిటైరైన ఈఏఎస్ శర్మగారు విశాఖలో కూర్చుని ఈ రెండు ప్రాజెక్టుల మీద ఉత్తరాల మీద ఉత్తరాలు రాశారు. కరెంటు శాఖ లోపలి నుంచి వచ్చిన మనిషే ఇది సరికాదు అని చెబుతుంటే వినకపోతే ఇంకెవరి మాట వింటారు?

ప్రజాభిప్రాయ సేకరణలకి నేనూ వెళ్ళాను. షామియానా వేస్తారు, కలెక్టరుగారో జాయింట్ కలెక్టరుగారో కూర్చుంటారు, మైకు పెడతారు, వీడియో తీస్తారు. పోలీసులు సభికులకంటే ముందే వస్తారు. అసలు రిపోర్టు ఇంగ్లీషులో ఉంటుంది, తెలుగులో ఇచ్చేది కొద్ది పేజీల సారాంశం. మా వీధి చేపలమ్మే అప్పలమ్మకి బూడిద నీరు ఏ పాయలో కలుస్తుందో తెలుసుకునే హక్కు లేదా? ఒకసారి నేను ఆ పూర్తి రిపోర్టు తెప్పించుకుని చదివాను. ఏ కంపెనీదో చెప్పను, ఎవరి పరువూ నాకు అక్కర్లేదు. సముద్రం ఒడ్డు ఇసుక నేల మీద టేకు చెట్లు, మద్ది చెట్లు సహజంగా పెరుగుతున్నట్టు పట్టికలో రాశారు. మొగలి పొదలు లేవు. ఒక పేజీలో ఇంకో జిల్లా మండలం పేరు తీసెయ్యడం మర్చిపోయారు. లేచి నిలబడి ఆ పేజీ చదివి వినిపించాను. వేదిక మీద కూర్చున్న కన్సల్టెంటు కుర్రాడు రాసుకున్నాడు, ‘సవరిస్తాం’ అన్నాడు. చివరి రిపోర్టులో మండలం పేరు సవరించారు. టేకు చెట్లు అలాగే ఉన్నాయి.

దీన్ని బాగుచేస్తామని పైవాళ్ళు అనకపోలేదు. 2009 చివర్లో కేంద్ర పర్యావరణ మంత్రిత్వ శాఖ ఒక ఉత్తర్వు ఇచ్చింది, నాబెట్ అనే సంస్థ గుర్తింపు ఉన్న కన్సల్టెంట్లే రిపోర్టులు రాయాలని. 2016లో దాన్ని నోటిఫికేషన్‌లోనే చేర్చారు. గుర్తింపు కోసం వృక్షశాస్త్రం నిపుణుడు, గాలి నిపుణుడు, నీటి నిపుణుడు అని పేర్లు చూపించాలి. చూపిస్తారు. గుర్తింపు కార్డు వచ్చింది, జీతమిచ్చే చెయ్యి మాత్రం మారలేదు. 2011లో పర్యావరణ మంత్రిగా ఉన్న జైరాం రమేశ్‌గారే ఒప్పుకున్నారు, ప్రాజెక్టు పెట్టేవాడే తన రిపోర్టు రాయించుకునే ఈ పద్ధతి నవ్వులపాలుగా ఉందని. అదే ఏడాది జులైలో లఫార్జ్ కేసులో సుప్రీంకోర్టు ఈ పనులన్నీ చూసుకోవడానికి జాతీయ స్థాయిలో ఒక రెగ్యులేటరును నియమించమంది. 2014 జనవరిలో మళ్ళీ చెప్పింది, మార్చి నెలాఖరులోపు పెట్టమంది. కోర్టు కోరిన ఆ స్వతంత్ర రెగ్యులేటరు ఈనాటికీ రాలేదు. పైగా 2020లో కొత్త ఈఐఏ నోటిఫికేషన్ ముసాయిదా తెచ్చి ప్రజాభిప్రాయ సేకరణకి ఇచ్చే 30 రోజుల గడువును 20కి తగ్గిద్దామన్నారు. దేశమంతా అభ్యంతరాలు వెల్లువెత్తాయి. ఢిల్లీ హైకోర్టు దాన్ని రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని భాషలన్నిటిలోకీ అనువదించమంది, అందులో తెలుగూ ఉంది.

మా జిల్లా ఒక్కటే ఇలా అయిందనుకోకండి. అరుణాచల్‌లో తవాంగ్ దగ్గర న్యామ్‌జాంగ్ చూ నది మీద 780 మెగావాట్ల జలవిద్యుత్ కేంద్రానికి 2012లో అనుమతి వచ్చింది. ఆనకట్ట కట్టే చోట, జెమితాంగ్ లోయలో, ప్రతి శీతాకాలం నల్లమెడ కొంగలు దిగుతాయి. అక్కడి మోన్పా బౌద్ధులకు ఆ కొంగ పూజనీయం, చిన్న పిల్లవాణ్ణి అడిగినా ఎప్పుడు వస్తుందో చెబుతాడు. రిపోర్టులో ఆ కొంగ లేదు. 2016 ఏప్రిల్‌లో జాతీయ హరిత ట్రిబ్యునల్ ఆ అనుమతిని నిలిపివేసి మళ్ళీ అధ్యయనం చేయమంది. కొంగ ఎప్పుడొస్తుందో తెలిసినవాణ్ణి అడగకుండా కొంగ రాదని రాసే అలవాటు ఈ చివర నుంచి ఆ చివర దాకా ఉందన్నమాట.

అమెరికాలో ఉన్న మా అక్క మనవడు, పైపులైన్ల కంపెనీలో ఇంజనీరు, ఫోన్ చేసినప్పుడు ‘తాతయ్యా, ఇక్కడా బయటి కన్సల్టెంట్లే రాస్తారు’ అన్నాడు. నిజమే. అయితే అక్కడ 1970లో పర్యావరణ చట్టం వచ్చాక 1978లో చేసిన నిబంధనల్లో ఒక మంచి మాట పెట్టారు. ఖర్చు కంపెనీదే కావచ్చు, కన్సల్టెంటును ఎంచుకునేది మాత్రం ప్రభుత్వ శాఖే, ప్రాజెక్టు కట్టడంలో తనకి ఏ ఆర్థిక ప్రయోజనమూ లేదని కన్సల్టెంటు రాసిచ్చి సంతకం పెట్టాలి. దానితో కూడా అన్నీ చక్కబడలేదు. కీస్టోన్ ఎక్స్‌ఎల్ చమురు పైపులైన్ దగ్గర కన్సల్టెంటుకీ కంపెనీకీ పాత సంబంధాలున్నాయని పెద్ద రభస జరిగింది, తనిఖీలూ జరిగాయి. రభస జరగడానికి, ఆ కాగితాలు బయటికి రావడానికి అక్కడ దారి ఉంది. 2023లో మాత్రం వాళ్ళూ చట్టం మార్చుకుని, శాఖ పర్యవేక్షణలో ప్రాజెక్టువాడే రిపోర్టు రాసుకోవచ్చన్నారు. మనం పడ్డ గోతిలోకే వాళ్ళూ దిగుతున్నారని వాడితో చెప్పాను.

‘మరి ప్రభుత్వంలో మనుషులెక్కడున్నారు మాస్టారూ’ అని కుర్రాళ్ళు నన్ను అడుగుతారు. లేరు, నాకు తెలుసు. పొల్యూషన్ బోర్డు ఆఫీసుల్లో ఖాళీలు నింపరు. కాలేజీల్లో వృక్షశాస్త్రానికి పిల్లలు చేరడం లేదని సెక్షన్లు మూసేస్తున్నారు, ఉన్నవాళ్ళు కాంట్రాక్టు లెక్చరర్లు. మా హెర్బేరియం బీరువాలో షీట్లు చెదలు తింటున్నాయని విన్నప్పుడు నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఊళ్ళో మొక్క పేరు చెప్పగల మనిషిని తయారు చేయడం మానేసి, ఇప్పుడు మనుషులు లేరు కాబట్టి కన్సల్టెంటే గతి అనడం నేను ఒప్పుకోను. కన్సల్టెంటే రాయాలంటే రాయనివ్వండి. ఫీజు కంపెనీ నుంచి బోర్డు ఖాతాలోకి రానివ్వండి. ఎవరు రాయాలో బోర్డు నిర్ణయించనివ్వండి. క్లియరెన్స్ వచ్చినా రాకపోయినా ఫీజు ఒక్కటే కానివ్వండి. ఆ జిల్లా కాలేజీ నుంచి ఒక్క మాస్టర్నైనా జట్టులో ఉంచండి. అన్ని కాలాల్లోనూ కొలవండి. ఇందులో కష్టమైనది ఒక్కటీ లేదు.

సౌర విద్యుత్‌కీ గాలిమరలకీ ఈ రిపోర్టే అక్కర్లేదన్నారు. పొగ లేదు కాబట్టి మంచిదే, నేనూ కావాలంటాను. కానీ కర్నూలు వైపు రోళ్ళపాడు గడ్డి మైదానంలో బట్టమేకపిట్ట బతికిన చోటు ఎలాంటిదో తెలిసినవాళ్ళెవరూ గడ్డి నేలని ఖాళీ నేల అనరు. ఎక్కడ పెట్టాలో అడిగే దిక్కు అక్కడా ఉండాలి.

నాకు ఇప్పుడు తంపరలోకి దిగే శక్తి లేదు. దిగగలిగినవాళ్ళకి చెబుతున్నాను. ప్రజాభిప్రాయ సేకరణ అని పేపర్లో ప్రకటన వస్తే పక్కన పెట్టకండి. 30 రోజులు గడువుంటుంది. రిపోర్టు కలెక్టరు ఆఫీసులో, జిల్లా పరిషత్తులో, జిల్లా పరిశ్రమల కేంద్రంలో ఉంచాలి, చూడనివ్వమని అడిగే హక్కు మీకుంది. ముందు బేస్‌లైన్ అధ్యాయం తెరవండి, ఏ నెలల్లో కొలిచారో చూడండి. ఆ తర్వాత మొక్కల పట్టిక, చేపల పట్టిక, పిట్టల పట్టిక తీసుకెళ్ళి ఊళ్ళో వల వేసేవాళ్ళకీ గేదెలు కాసేవాళ్ళకీ చదివి వినిపించండి. తప్పున్న ప్రతిచోటా గీత గీసి, అభ్యంతరం రాతలో ఇవ్వండి, రసీదు అడిగి తీసుకోండి. తెలిసి తప్పుడు సమాచారం ఇస్తే అనుమతి రద్దు చేయవచ్చని 2006 నోటిఫికేషన్‌లోనే ఉంది. రిపోర్టు చివర తయారు చేసినవాళ్ళ పేర్లు ఉంటాయి. వాళ్ళలో ఎవరు మీ ఊరు వచ్చారో, ఏ నెలలో వచ్చారో, ఎవరితో మాట్లాడారో వేదిక దగ్గర మైకులో అడగండి, ఆ జవాబు మినిట్స్‌లో రాసేదాకా అక్కడి నుంచి కదలకండి.